గడువు చీటీ మీద 318

నా పదవీ విరమణ సభలో నాకు కప్పిన శాలువాకు వేరొకరి పేరున్న కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చి, భోజనాలు చల్లారిపోతున్నాయంటూ మూడో నిమిషంలోనే లాక్కున్నారు. ఆ రోజు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు శాఖా గ్రంథాలయాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. అప్పట్లో మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఏ గ్రేడు ఎప్పుడు వచ్చిందన్నది సర్వీసు పుస్తకంలో ఉంది, అదీ తప్పులతోనే ఉంది. దాని జోలికి పోను. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం ఈ ఉద్యోగంలో చిన్న భాగం. ఎవరు ఏం చదువుతున్నారో తెలిసి కూడా తెలియనట్టు కూర్చోవడమే అసలు పని. ఈ ఒక్క ముక్క నాకు అర్థం కావడానికి ఒక మనిషి నష్టపోవలసి వచ్చింది.

నా పద్ధతి

జనగామలో నేను చేరేనాటికి ఇష్యూ రిజిస్టరులో ఒక్కో సభ్యుడికి ఒక్కో పేజీ ఉండేది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ పేజీలో రాసుకుని, పుస్తకం చివరి అట్టకు అంటించిన గడువు చీటీ మీద తేదీ ముద్ర వేసేవాళ్లం. చిక్కంతా తిరిగి తీసుకునేటప్పుడే. పుస్తకం తెచ్చేది చాలాసార్లు సభ్యుడు కాదు, అతని చెల్లెలో బావమరిదో. నెంబరెంత అంటే 'ఏమో' అంటారు. పేరు అడిగితే ఇంట్లో పిలిచే పేరు చెబుతారు. నేను పేజీలు తిప్పుతూ ఉంటే వెనుక వరుస వాకిలి దాటేది.

అందుకని చీటీ మీద తేదీ పక్కనే సభ్యత్వ నెంబరు కూడా రాయడం మొదలుపెట్టాను. అట్ట తిప్పితే చాలు, ఎవరి పేజీ తీయాలో తెలుస్తుంది. వారం తిరగకముందే వరుస సగమైంది.

వరంగల్‌లో జరిగిన శిక్షణలో లేచి ఈ సంగతి చెప్పాను. మా జిల్లా అధికారి కోస్తా నుంచి వచ్చినవారు. "బుక్కు ఎవలు తీస్కపోయిన్రో చీటీ చూడంగనే ఎర్కైతది సార్" అన్నాను. ఆయన 'ఎర్కైతది' అన్న మాటను రెండుసార్లు సాగదీసి పలికి చూపించారు. హాలంతా నవ్వింది, మనవాళ్లతో సహా.

"అమ్మా, ముందు తెలుగు నేర్చుకుని రండి. పద్ధతులు తర్వాత నేర్పుదురుగాని" అన్నారు.

ఆ రోజు ఆయన లేత నీలం చొక్కా వేసుకున్నారు. రెండు నెలల తర్వాత అదే పద్ధతిని అన్ని శాఖలూ పాటించాలని ఆయన సంతకంతో ఉత్తర్వు వచ్చింది. అందులో నా పేరు లేదు.

నేను పదకొండు ఉత్తరాలు రాశాను. మూడింటికి రసీదు ఇచ్చారు. ఒకదానికి జవాబుగా మహబూబాబాద్ బదిలీ వచ్చింది. అక్కడి నుంచి పన్నెండోది రాశాను. అప్పటికి ఆ అధికారి వెళ్లిపోయి కొత్తాయన వచ్చారు. నా పోరు పడలేక రెండు వరుసల కాగితం పంపించారు. సభ్యత్వ నెంబరును గడువు చీటీపై రాసే పద్ధతిని మొదట అమలు చేసింది జనగామ శాఖలో నేనేనని నమోదు చేసుకున్నట్టు అందులో ఉంది. దాన్ని నా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను. వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు, అక్షరాలు అటువైపు తిప్పి పెట్టాను.

అన్యాయం జరిగితే ఫిర్యాదు చేయండి, మానొద్దు. కానీ మీ పేరు దేని మీద ఉండాలని కొట్లాడుతున్నారో ఒకసారి చూసుకోండి.

కింది అర

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. నేను వెళ్లిన ఏడాదే, చనిపోయిన ఒక లెక్చరరు గారి భార్య రెండు బియ్యం సంచుల నిండా పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. చాలావరకు వేరే భాషల నుంచి తెలుగులోకి వచ్చిన నవలలు. ఒకదాంట్లో ప్రతి మనిషికీ రెండు నీడలుంటాయి. పెళ్లి చేసుకోవాలంటే ఒక నీడను తహసీలు కచేరీలో జమ చేయాలి. ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు కోరుకుని, నీడలు జమ చేయబోమని ఊరు విడిచి వెళ్తారు. ఇంకోదాంట్లో డ్యాము కింద మునిగిన ఊళ్లో జనం నీళ్లలోనే బతుకుతుంటారు. అక్కడ మగ్గం నేసే ఒక ఆడమనిషి, పైనుంచి ఈదుకుంటూ వచ్చే ఇంకో ఆడమనిషి కోసం ఎదురుచూస్తుంది. మరోదాంట్లో కథే లేదు. ఒక ముసలాయన నాలుగు రోజులు వాన చూస్తూ కూర్చుంటాడు.

గ్రంథాలయం అభివృద్ధి చూసే పెద్దమనిషి వాటిని తిరగేసి, "ఇవి గ్రూప్ టూకు పనికొస్తయా మేడం?" అన్నాడు. పనికిరావు అన్నాను. 'ఇతరములు' అని రాసి కింది అరలో పెట్టాను. వంగితే తప్ప కనబడవు.

వంగినవాడు ఒక్కడే. సత్యం. బజారులో కిరాణం హోల్‌సేల్ నడిపే సావుకారి కొడుకు. ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. మధ్యాహ్నం కొట్లో బేరాలు తగ్గే వేళ వచ్చి, ఆ అర ముందు నేల మీద కూర్చునేవాడు. చొక్కాకు పసుపు, ధనియాల వాసన. అతని నెంబరు 318. రెండేళ్లలో ఆ సంచుల పుస్తకాలన్నీ చదివేశాడు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు.

ఒకసారి నీడల నవల మూడోమారు గడువు పొడిగించమని తెచ్చాడు.

"గింత మెల్లగ చదువుతవా?" అన్నాను.

"చదువుడు ఎప్పుడో అయిపోయింది మేడం. మళ్ల చదువుతున్న."

"ఏమున్నది అందుల?"

పుస్తకం అంచు గోకాడు. "ఇందుల వాళ్లిద్దరు సచ్చిపోరు మేడం. వేరే కథలల్ల గసొంటోళ్లు ఆఖరికి సచ్చిపోతరు, లేకుంటే నవ్వులాటకు పెడుతరు. సినిమాల మన మాట మాట్లాడెటోన్ని పెట్టినట్టు."

"మరి నీడల ముచ్చట ఎందుకు? సక్కగ మన ఊర్ల జరిగినట్టు రాయరాదా?"

"మన ఊర్ల జరిగినట్టు రాస్తే రెండో పేజీలనే మూసేస్త. ఎనుక ఎవలో నిలబడి చూస్తున్నరనిపిస్తది. ఎక్కడ్నో నీడలూర్ల అంటే జర ధైర్యంగ చదువుత."

అతను తన గురించే చెబుతున్నాడని నాకు అర్థమైంది. నాకు అర్థమైందని అతనికీ తెలిసింది. ముద్ర వేసి, పక్కన 318 అని రాసి ఇచ్చాను.

ఆ తర్వాత బల్ల దగ్గర రెండు నిమిషాలు ఆగి మాట్లాడడం అలవాటైంది. వాన చూసే ముసలాయన నవల మీద అతనికి ఫిర్యాదు ఉండేది. ఐదో రోజు కూడా రాయవలసిందని వాదించేవాడు. "నాలుగు రోజులకే నాకు నిద్రొచ్చింది" అంటే, "మీకు చదువుడు కన్న పాఠం అప్పజెప్పించుకునుడే ఇష్టం మేడం" అన్నాడు. అది తప్పని ఆ రోజంతా అనుకున్నాను. తప్పు కాదు. అప్పటికి ఆ అరలో నేను పూర్తిగా చదివిన పుస్తకం ఒక్కటీ లేదు.

టెంటు

తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు మొదలైనప్పుడు టెంటు మా గ్రంథాలయం ముందే వేశారు. నీళ్లకు, పేపర్లకు లోపలికి వచ్చేవాళ్లు. తర్వాత ఉద్యోగుల సమ్మె వచ్చింది. నేనూ తాళం వేసి టెంటులో కూర్చున్నాను. శిక్షణ హాల్లో నవ్విన నవ్వు నా చెవిలో ఉండగా నన్ను ఎవరూ పిలవనక్కర లేదు.

టెంటు నడిపేది యాకయ్య సార్ అనే బడి పంతులు. మంచి మాటకారి. "అక్కా, ఉత్తగ కూసుంటె ఆకలి ఎక్కువైతున్నది. నాలుగు బుక్కులు తేరాదు" అన్నాడు. ఒక రేకు పెట్టె నింపి తెచ్చాను. పరీక్షల పుస్తకాలు తెస్తే తిరిగి రావు. అందరూ అడిగే నవలలు తెస్తే చినిగిపోతాయి. పోయినా ఎవరూ అడగరని కింది అర ఖాళీ చేశాను. ఒకరు అడుగుతారని తెలిసీ చేశాను.

ఆ మధ్యాహ్నం యాకయ్య సార్ సినిమాల గురించి మాట్లాడాడు. రౌడీకీ పనిమనిషికీ మన భాష పెట్టి ఇన్నేళ్లు మనల్ని నవ్వులపాలు చేశారని, మన మాటను మనం తలెత్తుకుని మాట్లాడాలని చెప్పాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. తర్వాత ఆయన పెట్టె పక్కన కూర్చుని ఒక పుస్తకం తీసి వెనుక అట్ట తిప్పాడు.

"అక్కా, గీ నెంబర్ల పద్ధతి నాదే నాదే అంటవు. ఆర్డరు మీద పెద్దసారు సంతకమే ఉన్నదట గద?"

అక్కడున్న పది మందీ నా వైపు చూశారు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"సంతకం ఎవలదైతే ఏంది? రిజిస్టరు ముట్టకుండ చెప్త. ఏ నెంబరన్న అడుగు" అన్నాను.

"నూటనలభై?"

"రైల్వేల చేసే రాజన్న."

"రెండువందల పన్నెండు?"

"నీ మరదలు. బుక్కు ఇయ్యక ఆర్నెల్లాయె, జర చెప్పు."

టెంటంతా నవ్వింది. ఈసారి నవ్వు నా పక్షాన ఉంది. చెప్పడానికి సిగ్గే కానీ, నాకు చాలా బాగా అనిపించింది.

"మరి మూడువందల పద్దెనిమిది?"

"సత్యం. కిరాణం సావుకారి కొడుకు."

చెప్పిన తర్వాత ఆయన చేతిలో ఏముందో చూశాను. నీడల నవల. చీటీ మీద పై నుంచి కింది దాకా ఒకటే నెంబరు. యాకయ్య సార్ అప్పుడు పుస్తకం ముందుకు తిప్పి, మధ్యలో తెరిచి, గట్టిగా చదివాడు. చలికి వణుకుతున్న ఒకతని భుజాల మీద రెండోవాడు తన నీడ కప్పే చోటు. దాన్ని సినిమాల్లో నవ్వించేవాళ్ల గొంతుతో చదివాడు.

"ఓహో, సావుకారి కొడుక్కు గిదా ముచ్చట?" అన్నాడొకడు.

"అందుకేనా సంబంధాలన్ని ఎనుకకు పంపుతున్నడు?" అన్నాడు ఇంకొకడు.

"ఆ బుక్కు ఇటియ్యి" అని లాక్కుని పెట్టెలో వేసి తాళం వేశాను. నేను చేసింది అంతే. గంట ముందు చెప్పిన మాటను యాకయ్య సార్‌కు గుర్తు చేయలేదు. నేను నవ్వలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నవ్వకపోవడం పెద్ద పనేమీ కాదు.

నాలుగో రోజుకు బజారులో సత్యానికి పేరు పడింది. మూడొందల పద్దెనిమిది. "జర మూడొందల పద్దెనిమిదిని పిలువుండ్రి, రెండు కిలోల పెసరపప్పు కావాలె" అని కొట్టు ముందు నిలబడి అడిగేవాళ్లు. ఆ నెంబరు నా చేతిరాతతో నేను రాసింది.

చీటీలు

సమ్మె ముగిసి గ్రంథాలయం తెరిచిన రెండో రోజు సత్యం తండ్రి వచ్చాడు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడనివాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా పిలగాని పేరు కొట్టెయ్యి బిడ్డ."

"ఆయననే వచ్చి సంతకం పెట్టాలె బాపు."

"వాడు రాడు. ఇగ ఎన్నడు రాడు." అద్దం కింద ఉన్న కాగితం చూస్తూ నిలబడ్డాడు. నిదానంగా చదివాడు. "గిది నీదేనా?"

"నాదే."

"మంచిది" అని వెళ్లిపోయాడు.

నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అన్నీ గుర్తున్నాయి. ఆ 'మంచిది'కి మాత్రం ఎదురు ఉత్తరం రాయడానికి నాకు ఏమీ లేకపోయింది.

ఆ సాయంత్రం అద్దం ఎత్తి కాగితం తీసేశాను. మరునాటి నుంచి ఒక్కో అరా దించి, ఒక్కో పుస్తకం గడువు చీటీ మీద కొత్త చీటీ అంటించడం మొదలుపెట్టాను. మైదా జిగురు ఉడకబెట్టుకుని తెచ్చేదాన్ని. కింది అరతో మొదలుపెట్టాను కానీ దానితో ఆపలేదు. ఒక్క అరకే అంటిస్తే, ఏం దాస్తున్నానో చూసినవాళ్లకు తెలిసిపోతుంది. మూడు నెలలు పట్టింది. కొత్త చీటీల మీద తేదీ తప్ప ఏమీ రాయలేదు. వరుస మళ్లీ వాకిలి దాటింది. జనం తిట్టారు.

ఎవరో పైకి చెప్పారు. ప్రభుత్వ రికార్డు పాడు చేసినందుకు సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. నేను ఒక్క పేజీ రాశాను. ఈ పద్ధతి నాది, నాదని మీరే రాసిచ్చారు, ఎవరు ఏం చదివారో చీటీ అందరికీ చెబుతున్నది కనుక పెట్టిన నేనే తీసేస్తున్నాను అని. పన్నెండు ఉత్తరాలతో సంపాదించిన కాగితాన్ని దానికి జత చేశాను. దానితో నాకు కలిగిన ఉపయోగం అదొక్కటే. జవాబుగా భూపాలపల్లికి బదిలీ వచ్చింది. మిగతా శాఖల్లో నెంబరు రాయడం ఆగలేదు. అక్కడ ఆ చీటీల వల్ల నవ్వులపాలైనవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు.

కొట్లో

వెళ్లే ముందు రోజు సత్యం కొట్టుకు వెళ్లాను. తండ్రి లోపల గోదాములో ఉన్నాడు.

"ఏం కావాలె మేడం?" అన్నాడు, నన్ను ఎన్నడూ చూడనట్టు.

"కందిపప్పు, కిలో." అతను తూచి కాగితంలో పోసి దారం చుడుతుంటే అన్నాను. "టెంటుల నీ పేరు చెప్పింది నేనే. వాళ్లు నన్ను పరేషాన్ చేసి అడగలే. నాకు తెల్సని చూపెట్టుకునేటందుకు చెప్పిన. తప్పు నాది."

దారం తెంపాడు. "తప్పు నాది అని ఇంతకుముందు ఎన్నడన్న అన్నరా మేడం?"

"లేదు."

"ఎవలన్న మీకు చెప్తే మాఫ్ చేసిన్రా?"

"లేదు."

"నేను కూడ చేస్తలేను" అన్నాడు. కోపంగా అనలేదు, ధర చెప్పినట్టు అన్నాడు. పొట్లం నా వైపు జరిపి, గొంతు తగ్గించాడు. "ఆ నీడల బుక్కు ఉన్నదా, టెంటుల పోయిందా?"

"ఉన్నది. చీటీ మార్చిన."

"నా పేరు కొట్టేసిన్రు గద."

"నా పేరు ఉన్నది" అన్నాను.

శుక్రవారాలు

కింది అర పుస్తకాలను భూపాలపల్లి శాఖకు మార్చమని దరఖాస్తు పెట్టాను. మానుకోటకు కొత్తగా వచ్చినతను జాగా ఖాళీ అవుతుందని సంతోషంగా పంపించాడు. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. జనగామలో ఉన్న మా ఇంటికి పోతూ నేను వరంగల్ బస్టాండులో బస్సు మారేదాన్ని. సత్యం శుక్రవారాలు సరుకు కోసం వరంగల్ వచ్చేవాడు. సంచీలో ఒక పుస్తకం ఇచ్చి ఒక పుస్తకం తీసుకునేదాన్ని. రిజిస్టరులో నా పేజీలో నా పేరు మీద రాసుకునేదాన్ని. రిజిస్టరులో అబద్ధం ఉండడం నాకు గిట్టదు కనుక, ఇచ్చే ముందు నేను చదివి ఇచ్చేదాన్ని. మునిగిన ఊరి నవల నాకు నచ్చింది. వాన ముసలాయన ఇప్పటికీ నచ్చలేదు, కానీ ఐదో రోజు రాయవలసిందన్న మాట నిజమే. దాని గురించి బస్టాండులో బెంచీ మీద కూర్చుని రెండు బస్సులు వదులుకున్నాం. అంతకుమించి అతను నాతో ఏ సంగతీ మాట్లాడలేదు. క్షమించానని ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. యాకయ్య సార్ ఫోను చేసి "గెలిచినం అక్కా" అన్నాడు. గెలిచినం అన్నాను. మానుకోట బజారులో 318 అన్న పేరు మాత్రం పోలేదు.

ఆ తర్వాత భూపాలపల్లికి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఈసారి మనవాడే, మన మాటే. రిజిస్టరులో నా పేజీ చూసి, ఆ పుస్తకాలు తెప్పించుకుని తిరగేశాడు. "ఏం మేడం, గీ వయసుల గిసొంటి బుక్కులు చదువుతున్నరా? ఇంట్ల సార్‌కు ఎర్కేనా?" అన్నాడు. సిబ్బంది నవ్వారు. అతని పేరు, ఊరు, వేసుకున్న గళ్ల చొక్కా గుర్తున్నాయి. నేను ఉత్తరం రాయలేదు. రాస్తే విచారణ వస్తుంది. ఒక్క మనిషే ఇన్నిసార్లు ఎందుకు తీసుకుందని అడుగుతారు. నా సర్వీసులో నన్ను ఎగతాళి చేసినా జవాబు చెప్పకుండా వదిలిన మాట అదొక్కటే.

ఇప్పుడు జనగామ శాఖలో నేను మామూలు సభ్యురాలిని. ఆ తరహా పుస్తకాలు ఏడాదికి రెండు మూడు వస్తున్నాయి. నెలకో శుక్రవారం ఇప్పటికీ వరంగల్ పోతాను. మొన్న పుస్తకం తిరిగి ఇస్తుంటే, కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటరులో నా నెంబరు కొట్టింది. చురుకైన పిల్ల. నేను పాత లైబ్రేరియన్‌నని ఆమెకు తెలుసు. తెర నా వైపు తిప్పి చూపించింది. ఇన్నాళ్లూ నేను తీసుకున్న పుస్తకాలన్నీ వరుసగా ఉన్నాయి.

"చూడుండ్రి మేడం, ఎవలు ఏం చదివిన్రో ఒక్క నిమిషంల ఎర్కైతది. ఈ లిస్టు నేనే సెట్ చేసిన" అంది. తర్వాత ఆ పేర్లు చదువుకుంటూ పోయి ఆగింది. "ఇవన్ని మీరే చదివిన్రా?"

నా వెనుక వరుసలో ఆరేడుగురు నిలబడి ఉన్నారు. కొందరు తెర వైపు మెడ సాచారు.

"నేనే చదివిన బిడ్డ" అన్నాను. "తెర అటు తిప్పు."